సాంబ్రాణి దారిలో మా బావ మొక్కు

మా బావ మస్కట్‌లో క్రేన్ ఆపరేటర్. పెద్ద పెద్ద ఇనుప దూలాలను గాలిలో పూలబుట్టల్లా తిప్పుతాడు. అదే మనిషి చేతికి బీపీ పట్టీ చుట్టగానే సంతకు తెచ్చిన మేకలా అయిపోతాడు. రూమ్‌లో కొలిస్తే బుద్ధిగా ఉండే బీపీ, క్లినిక్‌లో తెల్లకోటు కనబడగానే లేచి నిలబడి సలాం కొడుతుంది. క్రేన్ నడపాలంటే ఏటా డాక్టరు కాగితం కావాలి. కాగితం రాకపోతే క్యాబిన్ దిగి, యార్డులో ఇనుముకు బెల్టులు చుట్టే పనికి పోవాలి. ఇన్నేళ్లూ పైన ఏసీలో కూర్చుని కింద మనుషులను చీమల్లా చూసినవాడికి చీమల్లో కలవమంటే ఎట్లా ఉంటుంది?

అందుకే పోయిన ఏడు క్లినిక్ మెట్ల మీదే అంజన్నకు మొక్కుకున్నాడు. గట్టెక్కిస్తే మా ఊరి నుంచి కొండగట్టుకు కాలినడకన వస్తానన్నాడు. గట్టెక్కాడు. సెలవు మీద ఊరికి కూడా పోయాడు. వాన పడుతోందనీ, చుట్టాల పెండ్లిళ్లున్నాయనీ, మోకాలు పట్టిందనీ చెప్పి కొండగట్టుకు కారులో పోయి వచ్చాడు. పార్కింగ్ నుంచి గుడిదాకా నడిచాను కదా అన్నాడు. మా అక్క ఏమీ అనలేదట. మా అక్క ఏమీ అనలేదంటే, కేసు పై కోర్టుకు పోయిందని అర్థం.

ఈ ఏడు మళ్లీ పరీక్ష దగ్గరపడింది. దానికి ముందు క్రేన్ క్యాబిన్‌లో ఏసీ ఆగిపోయింది. బాగుచేయడానికి పోయింది నేనే. మస్కట్ పక్కన అల్ మవాలేలో నా పని ఏసీలు విప్పడం, బిగించడం.

"కంప్రెసర్ పోయింది బావా," అన్నాను.

"పోయింది సరే. పోగొట్టింది ఎవలు?" అన్నాడు బావ.

"దుమ్ము."

"నీకు దుమ్ము కనబడుతది. నాకు అంజన్న కనబడుతున్నడు."

నేను ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ని. ఇట్లాంటి ప్రశ్నలకు జవాబు ఏ తరగతిలో చెబుతారో నాకు తెలియదు. ఆ వారమే అక్కకు ఫోన్ కలిపి ఇద్దరి మధ్యా పెట్టాను.

"మీ బావకు చెప్పు తమ్మీ," అంది అక్క. "కారుల పోతే మొక్కు కారుకు చెల్లుతది. మనిషికి చెల్లదు."

"ఎవలు చెప్పిన్రే?" అన్నాడు బావ.

"నేనే చెప్తున్న. ఇప్పుడు ఊరికి వచ్చుడు కాదు గదా, ఆడనే నడువు. మన ఇంటికెల్లి గుట్ట ఎంత దూరమో గంత నడవాలె. చెప్పులేసుకోవద్దు. బండి ఎక్కద్దు. ఆఖరుకు ఏదన్న దేవుని జాగల కొబ్బరికాయ కొట్టాలె."

"అక్కా, మస్కట్ల గుడి ఉన్నది," అన్నాను నేను. "రూవిల బయలెల్లితే పోసిన చాయ్ చల్లారకముందే చేరుకుంటం."

"అందుకే అది వద్దంటున్న."

బావ గొంతు తగ్గించి అడిగాడు. "సాక్సులు ఏసుకోవచ్చానే?"

అవతల ధర్మశాస్త్రం పేజీలు తిరుగుతున్నట్టున్నాయి. "ఏసుకో. కానీ తెల్లయి," అంది అక్క. తెల్లవే ఎందుకో అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

మస్కట్ ఎండలో వట్టి కాళ్లతో నడిస్తే మొక్కుకంటే ముందు మనిషి తీరిపోతాడు. దేశం మొత్తం మీద ఆ నెలల్లో నడవగలిగే చోటు ఒక్కటే, దక్షిణాన సలాలా. అక్కడ అప్పుడు వానాకాలం. దాన్ని వాళ్లు కూడా ఖరీఫ్ అనే అంటారు. మా ఊళ్లో ఖరీఫ్ అంటే మోకాటి లోతు బురదలో వరినాట్లు. అక్కడ ఖరీఫ్ అంటే దుబాయ్ నుంచి కార్లేసుకొచ్చి తుంపరలో సెల్ఫీలు దిగడం.

దేవుని జాగ ఏదన్నది బావే తేల్చాడు. సలాలాలో టైల్స్ పని చేసే మా ఊరాయన ఒకరు చెప్పాడట, తాఖా అనే ఊరు దాటాక సముద్రం పక్కన సుమ్హురమ్ అని రాళ్ల కోట ఉందని, రెండు వేల ఏండ్ల కింద అది రేవు అని, సాంబ్రాణి అంతా అక్కడి నుంచే ఓడలెక్కేదని, లోపల గుడి ఉండేదని.

"ప్రపంచంల ఉన్న దేవుళ్లందరికి పొగ ఈడికెల్లే పోయింది బామ్మర్దీ," అన్నాడు. "అందరికి పోయినప్పుడు అంజన్నకు పోదా? ఆ జాగల కాయ కొడితే ఆయనకు ఎరుకైతది."

ఈ వాదనలో ఎక్కడ పట్టుకుని లాగినా ఊడి రాలేదు. ఫోన్‌లో చూస్తే మా ఇంటి నుంచి గుట్ట ఎంత దూరమో, సలాలా పొలిమేర నుంచి ఆ కోట కూడా ఇంచుమించు అంతే. వరుసగా సెలవులొచ్చాయి, అవి అయిపోగానే ఆదివారం బావకు పరీక్ష. రూవిలో సలాలా బస్సెక్కాం. బావ తలకింద సంచి, సంచిలో కొబ్బరికాయ, అగరుబత్తి, పసుపు కుంకుమ, రెండు జతల తెల్ల సాక్సులు. సలాలాలో రోడ్డు పొడవునా కొబ్బరికాయలే అమ్ముతారని చెప్పినా వినలేదు. అది మస్కట్‌లో కొనేటప్పుడు అక్క వీడియో కాల్‌లో చూసి, మూడు కళ్లూ సరిగ్గా ఉన్నాయని ఒప్పుకున్న కాయ. బావ గుర్రుపెట్టాడు. నేను దారంతా ఫోన్‌లో సుమ్హురమ్ గురించీ, రోమ్ గురించీ వీడియోలు చూశాను. మనిషి ఏదో ఒక వయసులో చదువుకోవాలి కదా.

సలాలా తూర్పు పొలిమేరలో, అరటితోటల పక్కన తెల్లవారుతుండగా నడక మొదలుపెట్టాం. తుంపర పడుతోంది. వాన అనడానికి లేదు, పొడి అనడానికీ లేదు. పెండ్లి పందిట్లో పన్నీరు చల్లుతున్నట్టుంది. ఎడమ పక్కన కొండలు పచ్చి పెసరకాయ రంగులో ఉన్నాయి. వాటి తలలు మబ్బులో దూరిపోయాయి. కుడి పక్కన ఎక్కడో సముద్రం గొణుగుతోంది. మధ్యలో మేమిద్దరం. ఒకడి కాళ్లకు బూట్లు, ఇంకొకడి కాళ్లకు పెండ్లికొడుకు సాక్సులు.

ఒంటెలు రోడ్డు మధ్యలో నిలబడి మమ్మల్ని కిందికి పైకి చూశాయి. అక్కడ కార్లన్నీ ఒంటెకోసం ఆగుతాయి. ఒంటె ఎవరికోసమూ జరగదు.

"బావా, సూపర్‌వైజర్ల చూపు చూస్తున్నయ్," అన్నాను.

"నోరు మూసుకొని నడువు. మొక్కు మీద ఉన్నం."

"నువ్వున్నవ్. నేను ఊకె వాకింగ్‌కు వచ్చిన."

కొంతదూరం పోయాక ఊరుకోలేక రోమ్ చరిత్ర విప్పాను. ఇక్కడి సాంబ్రాణి ఓడల మీదా ఒంటెల మీదా రోమ్‌దాకా పోయేదని, దానికి బదులుగా అక్కడి నుంచి ద్రాక్షసారా జాడీలు వచ్చేవని చెప్పాను.

"సాంబ్రాణి ఇచ్చి మందు తెచ్చుకున్నరా?" బావ ఆగిపోయాడు. "అంటే దేవునిది అమ్ముకొని తాగిన్రన్నట్టు."

"అంతేగద. మన ఊళ్లె జాతర చందా లెక్క."

జాతర చందా విషయంలో బావకు పాత అనుభవం ఉంది. మాట మార్చాడు. "గంత సాంబ్రాణి ఏం చేసుకునేటోళ్లు వాళ్లు?"

"శవాల కాడ కాల్చేటోళ్లు. ఒక రాజు భార్య చచ్చిపోతే ఒక ఏడాది పంట మొత్తం కాలబెట్టిండని చెప్తరు."

"మొత్తమా? గంత ప్రేమనా?"

"ఆమెను తన్ని సంపింది గూడ ఆయనే అంటరు."

బావ తుంపరలో కాసేపు ఆలోచిస్తూ నడిచాడు. "అయితే మరి గంత పొగ కావాలె," అన్నాడు.

మా కరీంనగర్ దిక్కు తవ్వకాల్లో రోమ్ నాణేలు దొరికాయని బడిలో సారు చెప్పిన సంగతి నాకు అప్పుడే యాదికొచ్చింది. నాకు గుర్తున్న పాఠం అదొక్కటే. ఎందుకంటే ఆ సాయంత్రమే మేం పిల్లలందరం బడి వెనక గడ్డపారతో తవ్వాం. రోమ్ తగల్లేదు కానీ పంచాయతీ నీళ్ల పైపు తగిలింది. ఊరికి మూడు రోజులు నీళ్లు లేవు. చరిత్రకూ నాకూ అప్పటి నుంచి పడదు.

తాఖా ఇంకా చాలా దూరం ఉందనగా వెనకనుంచి ఒక పికప్ వచ్చి మా పక్కన ఆగింది. స్టీరింగు వెనక తలకు రంగుల గుడ్డ చుట్టుకున్న కొండప్రాంతపు పెద్దమనిషి. తెల్లగడ్డం. వెనక ట్రాలీలో పచ్చగడ్డి మోపులు, వాటి మధ్య ఒక మేక.

"సదీక్! కిదర్ జాతా?" అన్నాడు. దోస్తూ, ఎక్కడికి అని. గల్ఫ్‌లో అందరికీ వచ్చిన హిందీ అది. వ్యాకరణం ఎయిర్‌పోర్టులోనే వదిలేసి వస్తారు.

"సుమ్హురమ్, చాచా."

"పైదల్?" ఆయన బావ సాక్సుల వైపు చూశాడు. "ఎక్కు, ఎక్కు. సయ్యారా మౌజూద్."

బండి ఉండగా నడవడమేమిటన్నది ఆయన బాధ. బావ చేతులు జోడించాడు. నేను ముందుకు వంగి, "మన్నత్ హై చాచా," అన్నాను. మొక్కు అన్న ముక్క ఆయనకు అర్థమైంది. తల ఊపాడు. మొక్కుకున్నవాణ్ని బండి ఎక్కమనడం తప్పు. వానలో నడిచే పరాయి మనుషులను వదిలేసి పోవడమూ తప్పు. రెండు తప్పుల మధ్య ఆయన ఒక తీర్పు చెప్పుకున్నాడు. నాలుగు వైపులా పసుపు లైట్లు మినుకుమినుకుమనిపిస్తూ, మా పక్కనే నడక వేగంతో బండి నడపడం మొదలుపెట్టాడు.

ఇక చూడండి మా వైభవం. ముందు బావ, పక్కన నేను, మా పక్కన లైట్లేసుకున్న పికప్, మా వెనక దుబాయ్ నంబర్ల కార్ల వరస. హారన్లు కొడుతున్నారు. ఒకడు అద్దం దించి ఫొటో తీశాడు. ఎవరో పెద్దమనిషి ఊరేగింపు అనుకుని ఉంటాడు. పెద్దాయన కిటికీలోంచి ఖర్జూరాలు అందిస్తూ, మా ఊరేది, పిల్లలెందరు, వానలు పడ్డాయా అని తీరిగ్గా మాట్లాడుతున్నాడు. మేక కూడా తల బయటపెట్టి వింటోంది.

"బామ్మర్దీ, ఈయనను పొమ్మను. నాకు సిగ్గైతుంది," అన్నాడు బావ పళ్ల మధ్యనుంచి.

"నువ్వే చెప్పు. ఆయన ఖర్జూరాలు నీ నోట్లెనే ఉన్నయ్."

అంతలో బావ అబ్బా అని కూలబడ్డాడు. ఆ నేలలో రాయి కత్తిలా ఉంటుంది. సాక్సు అడుగు ఎప్పుడో చిరిగిపోయింది, రెండో జత కూడా అదే దారి పట్టింది. మడమ దగ్గర తెగి తెల్ల సాక్సు ఎర్రబడుతోంది. పెద్దాయన బండి ఆపి దిగాడు. నీళ్లు పోసి కడిగాడు. తన తలగుడ్డ అంచు చింపబోతే నేను ఆపి నా చేతిరుమాలు ఇచ్చాను. కట్టు కట్టి, బావ భుజం మీద చేయి వేసి, జబ్బుపడ్డవాడికీ దెబ్బతగిలినవాడికీ పైవాడు మినహాయింపు ఇస్తాడని, ఆయన దయగలవాడని వచ్చిన హిందీలో చెప్పాడు.

బావ నా వైపు చూశాడు. కళ్లలో నీళ్లున్నాయి. నొప్పికి కాదు, నాకు తెలుసు. ఆదివారం నాటి క్లినిక్ కనబడుతోంది ఆయనకు.

"ఎక్కితే పోతదిరా. క్రేన్ పోతది," అన్నాడు.

"బావా, ఒక్క మాట చెప్పు. సంజీవని కొండ తెచ్చేటప్పుడు అంజన్న నడిచి పోయిండా?"

"ఎగిరి పోయిండు."

"లంకకు?"

"గదీ ఎగిరే."

"మరి ఆయనే ఎన్నడు నడవలేదు. నువ్వు నడవాలెనని పట్టుబడుతడా?"

బావకు నవ్వాగలేదు. నవ్వుతూనే తిట్టాడు, తిడుతూనే లేచాడు. ముందు సీట్లో మాత్రం కూర్చోనన్నాడు. ట్రాలీలో గడ్డిమోపు పక్కన కూర్చుని, తలుపు దించి, కాళ్లు రెండూ బయటికి వేలాడేశాడు. పెద్దాయన కొంత దూరం తీసుకుపోయి దింపి ఉంటే మొక్కులో కొంచెమే పోయేది. అట్లా దింపితే ఆయన మర్యాద ఏం కావాలి? ముందు కొండ కిందున్న తన కొట్టానికి తీసుకుపోయి, అప్పుడే పిండిన ఒంటెపాలు నురగతో సహా తాగించాడు. వద్దంటే ఇంకా పోశాడు. తరవాత తాఖా దాటించి సుమ్హురమ్ మలుపు దగ్గర దింపాడు. చూస్తే దారి సగానికి సగం బండిలోనే గడిచిపోయింది. బావ ముఖం గంటు పెట్టుకున్నాడు. మిగిలింది కుంటుకుంటూ నడిచాడు, నా భుజం మీద బరువంతా వేసి. క్రేన్‌కు కూడా ఇంత బరువు ఎత్తే అలవాటు ఉండదు.

గేటు దగ్గర గార్డు యువకుడు, తెల్ల పొడుగు అంగీ, చేతిలో టీ కప్పు. సంచి తెరిచాడు. కొబ్బరికాయ తీసి చెవి దగ్గర ఊపాడు. అగరుబత్తి వాసన చూశాడు. పసుపు పొట్లం విప్పి, "మసాలా? లోపల వంట చేస్తారా?" అన్నాడు హిందీలో.

"పూజ, భాయ్. కాయ రాయి మీద కొట్టాలి," అన్నాడు బావ.

"ఏ రాయి మీద?"

బావ దూరంగా కనబడుతున్న కోట మొత్తాన్ని చేత్తో చూపించాడు.

గార్డు టీ కప్పు కింద పెట్టాడు. "అది రెండు వేల ఏళ్ల నాటిది."

"మాదీ చాలా పాత కాయే," అన్నాను నేను. బావ నా కాలు తొక్కాడు, తెగిన కాలుతోనే. నొప్పి ఇద్దరికీ సమానంగా పంచుకున్నాం.

కాయ, అగ్గిపెట్టె గార్డు దగ్గర పెట్టి లోపలికి పోయాం. ముందున్న చిన్న గదిలో బొమ్మలు, జాడీ ముక్కలు. సారా జాడీల ముక్కలు చూపించి, "రోమోళ్ల ఖాళీ సీసలు," అన్నాను. బావ వినడం లేదు. గోడమీద ఒక ఫొటో ముందు నిలబడిపోయాడు. తల లేని చిన్న కంచు బొమ్మ. నడుం వంపు, మొలకు గొలుసులు. ఫోన్‌ను రాత మీద పెడితే తెలుగులో చదివి వినిపించింది. ఆ బొమ్మ ఇండియా నుంచి ఓడలో వచ్చిందట, ఈ కోటలోనే దొరికిందట.

"అమ్మోరు," అన్నాడు బావ.

"నాట్యం చేసే పిల్ల బొమ్మ బావా. ఏ సేటో తెచ్చుకొని ఉంటడు."

"మన దిక్కుకెల్లి ఒక్కతే గింత దూరం వచ్చి, తల పోయినా ఈడనే ఉన్నది. అమ్మోరు కాకపోతే ఎవలు?"

గల్ఫ్‌కు వచ్చి తల పోగొట్టుకున్నవాళ్లందరినీ దేవుళ్లను చేస్తే మా రూమ్‌లోనే నలుగురున్నారని నోటిదాకా వచ్చింది. బావ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. మింగేశాను.

కోట లోపల గోడలు నడుం ఎత్తున మిగిలాయి. గుడి అని రాసిన చోట నాలుగు రాళ్లు, ఒక తొట్టి. కింద ఖోర్ రోరి అనే సముద్రపు పాయ నీళ్లు అద్దంలా పడున్నాయి. ఓడలు ఆగిన చోట ఇప్పుడు ఇసుక మేటవేసింది. గులాబీ రంగు కొంగలు ఒంటికాలి మీద నిలబడ్డాయి. వాటికీ మొక్కున్నట్టుంది. బావ గుడి రాళ్ల చుట్టూ కుంటుతూ ప్రదక్షిణ చేశాడు. నేను గోడ మీద కూర్చోబోతే దిగమని గార్డు దూరంనుంచి ఈల వేశాడు.

బయటికి వచ్చాక ఆ గార్డే పార్కింగ్ అవతల ఒక మామూలు రాయి చూపించాడు. దాని వయసు ఎవరూ రాసి పెట్టలేదు, దాని మీద కొట్టుకోండన్నాడు. బావ కొట్టాడు. కాయ నిలువునా పగలకుండా అడ్డంగా, సగానికి సరిగ్గా పగిలింది. గార్డుకు ఒక చిప్ప ఇచ్చాం. టీలో కలిపి తింటే బాగుందన్నాడు. బావ రెండో చిప్ప చేతిలో పట్టుకుని సముద్రం వైపు చూస్తూ, "అందిందంటవా?" అన్నాడు.

"అందింది బావా," అన్నాను. మొదటిసారి జోకు వేయకుండా జవాబిచ్చాను. ఆయన నమ్మలేదు.

ఆదివారం పొద్దున నేను అల్ మవాలేలో ఒక ఇంట్లో నిచ్చెనెక్కి ఏసీ విప్పుతున్నాను. ఫోన్ మోగింది. బావ. వెనక క్లినిక్ చప్పుడు, ఎవరినో నంబరు పెట్టి పిలుస్తున్నారు.

"మొదటిసారి ఎక్కువచ్చింది," అన్నాడు. "బయట కూసోని సల్లబడి రమ్మన్నరు. మల్ల చూస్తరట. బామ్మర్దీ, ఏదన్న చెప్పు."

"ఏం చెప్పాలె?"

"నవ్వచ్చేది. నీకేం, ఊకె చెప్తవు గదా. చెప్పు."

నిచ్చెన మీద నిలబడి వెతికాను. రోమ్ రాజు లేడు, ఒంటె లేదు, గార్డు లేడు. తలలో ఒక్క ముక్క మిగల్లేదు. ఇన్నేళ్ల నా వ్యాపారం సరిగ్గా గిరాకీ వచ్చిన రోజున మూతపడింది.

"బావా," అన్నాను చివరికి, "తిన్నవా?"

అటువైపు ఇంకో నంబరు పిలిచారు.

"నీ నోట్లె మన్ను వడ," అన్నాడు బావ. "గిదేనారా నీ జోకు?" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే ఉన్నాడు. పక్కనెవరో ఏమైందని అడుగుతున్నారు. నర్సు పిలిచినట్టుంది, ఫోన్ కట్టయింది.

మధ్యాహ్నం మళ్లీ చేశాడు. డాక్టరు కాగితం ఇచ్చాడు. క్రేన్ ఎక్కొచ్చు. కానీ ఏడాదికి కాదు, ఆరు నెలలకే. ఉప్పు తగ్గించి, గోలీలు వేసుకుని, మళ్లీ వచ్చి చూపించుకోవాలట.

"మంచిదే గదా బావా. ఉప్పు తగ్గియ్యి."

"ఉప్పు డాక్టర్ ముచ్చట. అసలు ముచ్చట నీకు సమజ్ కాలేదు," అన్నాడు. పైనుంచి మాట్లాడుతున్నాడు, క్యాబిన్ ఏసీ చప్పుడు వినబడుతోంది. "సగం దారి నడిచినం. సగం ఏడు ఇచ్చిండు. అంజన్న కాడ లెక్క పక్కా."

"అట్లయితే మిగిలిన సగం?"

"ఎక్కుమన్నది ఎవలు? ఎగిరిండు, నడవలేదు అని తీర్పు చెప్పింది ఎవలు? ఆ సగం నీ మీదికి రాసిన. మీ అక్కకు గూడ చెప్పిన."

"అక్క ఏమన్నది?"

"ఏమనలే," అన్నాడు బావ.